గ్లాసులో రొయ్య

అత్తగారి గ్లాసులో ఏదో ఈదింది.

కంటి ఆపరేషన్ అయ్యాక ఆవిడకు లోకంలో ఉన్నవన్నీ, లేనివి కొన్నీ కనిపిస్తున్నాయి. గ్లాసును కిటికీ వెలుగుకు ఎత్తి పట్టుకుంది. ఆవగింజలో సగమైనా ఉండదు, గిరగిరా తిరుగుతోంది.

"అల్లుడుగారూ, ఊరందరికీ నీళ్లిచ్చేది మీరే కదా. వీటిని కూడా మీరే ఇస్తున్నారా?"

అల్లుడు నీటి సరఫరా ఆఫీసులో పెద్ద ఇంజనీరు. మీసం కూడా పెద్దదే. ఇలాంటి ఫిర్యాదులు ఆయన ఆఫీసులో ఇప్పటికే నలభై మూడున్నాయి. అన్నీ ఒకే ఫైల్లో గుర్రుపెట్టి నిద్రపోతున్నాయి. అత్తగారిది నలభై నాలుగోది. ఆ ఉదయమే ఫైలు లేచి కూర్చుంది.

గ్లాసు మీద మూత పెట్టి, కారులో ఒళ్లో పెట్టుకుని ఆయన స్వయంగా ల్యాబుకు బయల్దేరాడు. ల్యాబు ఎక్కడుందో డ్రైవరు చెప్పాడు.

ల్యాబులో ఉండేది ఒకే ఒక్కావిడ. పొద్దస్తమానం నీటిచుక్కల్లోకి చూస్తుంది కాబట్టి ఆఫీసంతా ఆవిడను చుక్కలమ్మ అంటారు. గ్లాసులోంచి ఒక చుక్క తీసి, మైక్రోస్కోపు కింద పెట్టి, తెలిసిన మనిషిని చూసినట్టు నవ్వింది.

"గింజ రొయ్య సార్. రెండు చిప్పల మధ్య బతుకుతుంది. ఎవర్నీ ఏమీ చేయదు."

"రొయ్యా?" ఇంజనీరు కుర్చీలో కూలబడ్డాడు. అత్తగారు పుట్టి బుద్ధెరిగినప్పటినుంచి కోడిగుడ్డు వాసన కూడా చూడని మనిషి. "ఆ మాట ఈ గది దాటకూడదు. క్రిమి అనండి."

"నిజానికి ఇవి ఉంటేనే మంచిది సార్. నీళ్లు చెడితే అన్నిటికంటే ముందు పోయేవి ఇవే. ఫిల్టర్లో ఇసుక మారిస్తే గ్లాసుదాకా రావు."

"ఇసుక మార్చాలంటే మూడు నెలలు. మా అత్తగారు ఆదివారం వెళ్లిపోతారు."

బల్లమీద కాగితాలు ఎగరకుండా ఒక రాయి పెట్టి ఉంది. దాన్నిండా గసగసాలు చల్లినట్టు చుక్కలు. ఆవిడ లెన్సుతో సహా దాన్ని ఆయన ముందుకు జరిపింది.

"ఫిల్టరు పునాదులు తవ్వినప్పుడు దొరికింది సార్. ఈ చుక్కలన్నీ వీటి తాతముత్తాతలే. చిప్పతో సహా రాయైపోయాయి. పది కోట్ల ఏళ్లంటారు."

ఇంజనీరు రాయిని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"పది కోట్ల ఏళ్లుగా వీటి మీద ఎవరూ చర్య తీసుకోలేదా?"

ఆవిడ లెన్సు తుడుచుకుంది.

అది సోమవారం. సాయంత్రానికి ఆర్డరు తయారైంది. 'రిజర్వాయరులో సజీవంగా ఉన్న సదరు క్రిములన్నిటినీ మందు వేసి తక్షణమే నిర్మూలించవలెను.' పచ్చసిరాతో సంతకం పెట్టి స్టోర్‌కీపరుకు పంపాడు. సంతకం పెట్టాక ఏ పనినీ ఆయన వెనక్కి తిరిగి చూడడు. ఆయన్ను ఇంతవాణ్ని చేసింది ఆ గుణమే.

బుధవారం మధ్యాహ్నం చుక్కలమ్మ రొప్పుకుంటూ ఆయన గదిలోకి వచ్చింది.

"సార్, ఒక్కటి కూడా బతికి లేదు. అన్నీ చిప్పలు తెరుచుకుని అడుగున పడున్నాయి."

"శుభం."

"శుభం కాదు సార్. మామూలు మందుకి ఇవి చిప్ప మూసుకుని రోజుల తరబడి కూర్చుంటాయి. రెండ్రోజుల్లో ఇలా పోవు. ఎంత మోతాదు వేయించారు?"

ఎంతో ఆయనకు తెలియదు. తెలియదని చెప్పడం అసలే తెలియదు.

"వెయ్యాల్సినంత."

"రెండ్రోజులు సరఫరా ఆపి, నీళ్లు పెద్ద ల్యాబుకి పంపిద్దాం సార్. మా పిల్లలు తాగేదీ ఈ నీళ్లే. నాకు భయంగా ఉంది."

"శుక్రవారం సభ పెట్టుకున్నాను. పేపరువాళ్లొస్తున్నారు, అత్తగారొస్తున్నారు. పది కోట్ల ఏళ్లు ఎవరివల్లా కాని పని నేను రెండ్రోజుల్లో చేస్తే మధ్యలో మీ ఏడుపేంటమ్మా? బతికున్నవి సున్నా అని రాసివ్వండి, చాలు."

సున్నా మాట నిజమే. ఆవిడ రాసిచ్చింది. కింద 'ఎంత మందు వేశారో తెలియాలి' అని ఇంకో వాక్యం కూడా రాసింది. జిరాక్సు తీసేటప్పుడు ఆయన ఆ వాక్యం మీద ఒక తెల్లకాగితం అడ్డం పెట్టించాడు.

శుక్రవారం సభ నిండిపోయింది. ఇంజనీరు మైకు అందుకుని గొంతు సవరించుకున్నాడు.

"డైనోసార్లు పోయాయి, ఈ క్రిములు పోలేదు. చెరువులెండిపోయాయి, ఇవి పోలేదు. నేనొచ్చాక పోయాయి."

చప్పట్లు మోగాయి. వేదిక మీదే కొళాయి తిప్పి రెండు గ్లాసులు నింపాడు. ఒకటి ముందువరసలోని అత్తగారికి పంపాడు. వెనక వరసల్లోకి ట్రేలు కదిలాయి. చుక్కలమ్మ మాత్రం తన గ్లాసు కుర్చీ కింద పెట్టేసింది.

అత్తగారు గ్లాసును వెలుగుకు ఎత్తి నాలుగు వైపులా చూసింది. ఏమీ కదల్లేదు.

"మిమ్మల్ని చూసినప్పుడల్లా రొయ్యకు లేదా బారెడు మీసం అనుకునేదాన్ని అల్లుడుగారూ. ఇవాళ్టితో ఆ మాట వెనక్కి తీసుకుంటున్నా."

రొయ్య మాట వినగానే ఆయన ఉలిక్కిపడి, సామెతేనని తెలిసి నవ్వేశాడు. ఆవిడ గటగటా తాగేసింది. ఊరంతా తాగింది. ఆయన చివరిచుక్క దాకా తాగి, మీసం తుడుచుకుని, ఖాళీ గ్లాసును కెమెరాలకు చూపించాడు.

అప్పుడు స్టోర్‌కీపరు పక్కమెట్ల మీదుగా వేదికెక్కి, ఆయన చెవి దగ్గరికి వంగి మెల్లగా అడిగాడు.

"సార్, సోమవారం మీరు వేయమని రాసిన మందు లారీ ఇప్పుడే వచ్చింది, డ్రమ్ములు ఎక్కడ దింపించమంటారు?"