సొర తాగిన నీళ్లు

"సారూ, మీ సొర సచ్చింది."

పనిమనిషి సోమమ్మ నోట ఆ మాట వినగానే ఫ్యాక్టరీ మేనేజరు రామలింగేశ్వరరావు కాఫీ గ్లాసు పక్కన పడేసినంత పనిచేసి హాల్లోకి పరుగెత్తాడు. గోడ పొడవునా కట్టించుకున్న అద్దాల తొట్టిలో, అడుగున ఇసుక మీద, రెండడుగుల చారల సొరచేప తెల్లటి పొట్ట పైకి పెట్టి పడి ఉంది. నిన్నటిదాకా రొయ్య చూపిస్తే చాలు, చేతి దాకా వచ్చేది. ఇప్పుడు తోక కూడా కదపడం లేదు.

"ఏం చేశావే దీన్ని?"

"నీళ్లు మార్సమన్నరు గద సారు. పొద్దుగాల నల్లా రాలే. మా వాడకట్టు బోరు నీళ్లు రెండు బిందెలు తెచ్చి, మీరు సెప్పినట్టే ఆ సముద్రం ఉప్పు కలిపి పోసిన."

"బోరు నీళ్లా? ఆ నీళ్లు ఎవరైనా సొరకి పోస్తారా? బుద్ధుందా నీకు?"

సోమమ్మ చేతులు కొంగు కింద దాచుకుంది. కొడుకు జ్వరంతో కళ్లు తేలేస్తే సొంత కారులో సంగారెడ్డి ఆస్పత్రికి తీసుకుపోయిన మనిషి ఈయన. ఆ మేలు చచ్చేదాకా మరవదు. అలాంటి మనిషి ముందు ఇలా నిలబడాల్సి రావడం ఆమెకు సిగ్గుగానే ఉంది. కానీ ఇంట్లో కోడలు వట్టి మనిషి కాదు. ఫ్యాక్టరీ వచ్చాక పచ్చబడ్డ ఆ బోరు నీళ్లే రోజూ తాగుతోంది.

"మేం తాగేటియే సారు," అంది మెల్లగా. "మొన్న మా వాడకట్టు కిష్టప్పోళ్లు అర్జీ తెస్తే, ఆ నీళ్లు మంచిగనే ఉన్నయని మీరే కాయితం సదివి సెప్పిన్రు. మనుషులకు మంచియైతే చేపకేమైతది అనుకున్న."

రామలింగేశ్వరరావు తొట్టికేసి చూశాడు. ఆమె కొంగు అంచు నుంచి గచ్చు మీద పడుతున్న నీటి చుక్కలను చూశాడు. ఆనక గోడ గడియారం చూశాడు.

"మీ కోడలికి ఎన్నో నెల?"

"ఏడోది సారు."

ఆయన ఫోను అందుకుని ఫ్యాక్టరీ సూపర్‌వైజరుకి కలిపాడు. "ఎల్లయ్యా, మన కాలనీకి వచ్చే మంజీర పైపు నుంచి సోమమ్మ వాళ్ల వాడకట్టుకి ఒక నల్లా వేయించు. రేపు కాదు, ఇవాళే. తవ్వేవాళ్లని ఇప్పుడే పంపించు. ఆ నీళ్ల రిపోర్టు సంగతి నేను చూసుకుంటాను."

సోమమ్మకు ఏడుపు ఆగలేదు. వంగి ఆయన కాళ్లు పట్టుకోబోయింది.

"మీ కడుపు సల్లగుండ సారు. మా వాడకట్టంత మీ పేరు తలుసుకొని నీళ్లు తాగుతది."

ఆయన రెండడుగులు వెనక్కి వేశాడు. "నాకెందుకు దండం? దానికి పెట్టు."

సోమమ్మ నిజంగానే తొట్టి వైపు తిరిగి రెండు చేతులూ జోడించింది. ఆ క్షణాన ఆమెకు ఆ చేపను మించిన దేవత కనిపించలేదు.

రామలింగేశ్వరరావు చల్లారిన కాఫీ ఒక గుక్క తాగి, ఆమె మొహం చూడకుండా అన్నాడు:

"దండం అయ్యాక దాన్ని మళ్లీ బోర్లా తిప్పు సోమమ్మా. వెల్లకిలా తిప్పితే సొర కాసేపు చచ్చినట్టు పడుంటుందని, కొన్నరోజే దుకాణంవాడు నాకు తిప్పి చూపించాడు."