ఇవాళ్టి తిట్టు

క్యాంటీన్లో టిఫిన్ ముగించి, క్రేన్ ఆపరేటర్ జేబులోంచి మాత్రల షీటు తీశాడు. తీసి, అలాగే ఆగిపోయాడు.

వేసుకున్నాడా, ఇంకా లేదా?

మింగిన గుర్తు ఉంది. అది ఇవాళ్టిదా, నిన్నటిదా అన్నదే తేలడం లేదు. రోజూ అదే బల్ల, అదే గ్లాసు, అదే మాత్ర. ఏ గుక్క ఏ రోజుదో ఎవరు చెప్పొచ్చారు?

గుండె దడ తగ్గడానికి రోజుకి ఒక్కటే వేసుకోమన్న మాత్ర అది. ఈమధ్య ఒకరోజు ఇలాగే తటపటాయించి రెండోది కూడా మింగేశాడు. నాడి పడిపోయి, క్రేన్ నిచ్చెన మొదటి మెట్టు మీదే కళ్లు బైర్లు కమ్మాయి.

పైకెక్కాక అలా జరిగి ఉంటే కిందున్న వాళ్ల గతేమిటని ఫోర్‌మన్ తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టాడు. "నెల రోజులు కింద పని చెయ్యి. అప్పటిదాకా క్రేన్ నేనే చూసుకుంటా. తర్వాత డాక్టరమ్మ సరేనంటే ఎక్కు. లేదంటే ఆ కుర్చీలోకి వేరే మనిషి వస్తాడు. ఇప్పటికే కబురు పెట్టాం."

ఆ కుర్చీ అంటే ఆపరేటర్‌కి ప్రాణం. ఎంత బరువు దూలాన్నైనా నిద్రపోయే పసిపాపని పక్క మీద దించినంత మెల్లగా దించుతాడని అతనికి పేరు. ఇప్పుడు ఆ చేతులతో గొలుసులు తుడుస్తున్నాడు.

భార్య చేయని ప్రయత్నం లేదు. క్యాలెండర్ మీద గీత పెట్టమంటే, గీత పెట్టి మాత్ర మరిచాడు. వారాల పేర్లున్న డబ్బా కొనిస్తే, డబ్బాని ఇంట్లో మరిచాడు. ఫోన్ చేసి "వేసుకున్నారా?" అని అడిగితే, హెల్మెట్ సంగతనుకుని "ఆఁ" అన్నాడు.

"మీరు వేసేసుకున్నారండీ," అన్నాడు ఎదుటి బల్ల దగ్గర కూర్చున్న మనిషి.

కొద్ది రోజులుగా అతను అక్కడే కనిపిస్తున్నాడు. లోడు కోసం వచ్చిన లారీ తాలూకు మనిషి కాబోలు. కనిపించిన వాళ్లందరినీ ఏదో ఒకటి అడుగుతుంటాడని ఆపరేటర్ అతనికి ఆరాలరాయుడని పేరు పెట్టేశాడు.

"నా నోరు చూడ్డానికే వచ్చారా ఇక్కడికి?" అని విసుక్కున్నాడు.

ఆరాలరాయుడు నొచ్చుకోలేదు. తన భార్యదీ ఇదే మాత్రనీ, ఒకసారి తనే మరిచిపోయి రెండోసారి ఇచ్చాననీ, ఆ రోజు పడ్డ భయం పగవాడికి కూడా వద్దనీ చెప్పాడు.

"రోజులన్నీ ఒకేలా ఉంటే బుర్రకి తేడా ఏం తెలుస్తుందండీ? అందుకే మా ఆవిడ మాత్ర వేసుకున్నప్పుడల్లా ఎవర్నో ఒకర్ని తిడుతుంది. రోజుకో మనిషి. ఇవాళ ఎవర్ని తిట్టానా అని ఆలోచిస్తే చాలు, మాత్ర సంగతి తెలిసిపోతుంది. ఎవరూ గుర్తు రాలేదా, అనుమానం మీద ఇంకోటి మింగకూడదు. డాక్టర్‌కి ఫోన్ చేసి అడగడమే."

"రోజూ మిమ్మల్నే తిడుతుందేమో."

"ఒక్కరినే రోజూ తిడితే గుర్తుండదటండీ. అలా బతికిపోయాను."

ఆపరేటర్‌కి నవ్వు ఆగలేదు. మరునాడే మొదలుపెట్టాడు.

"ఇవాళ ఎవరండీ?" అని ఆరాలరాయుడు ఎదుటి బల్ల నుంచి ఆరా తీశాడు.

"నా కుర్చీకి ఎసరు పెట్టడానికి ఎవడో వస్తున్నాడట. వాడు. వాడి మొహం మండ," అని మాత్ర గుటుక్కున మింగాడు.

ఆరాలరాయుడికి తాగుతున్న నీళ్లు పొలమారాయి. దగ్గుతూనే, నవ్వుతూనే, "బాగుంది. ఇది మర్చిపోరు," అన్నాడు.

తర్వాత ఫోర్‌మన్ వంతు వచ్చింది. బావమరిది అయ్యాడు, కూరలో ఉప్పెయ్యని వంటమనిషి అయ్యాడు. ఇంట్లోంచి ఫోన్ వస్తే ఇప్పుడు ఒకటే ప్రశ్న, "ఇవాళ ఎవరు?" అని. ఒకనాడు "నువ్వే" అన్నాడు. సాయంత్రం దాకా ఆవిడ మాట్లాడలేదు కానీ, మాత్ర మాత్రం ఇద్దరికీ బాగా గుర్తుంది.

పరీక్ష రోజు వచ్చింది. డాక్టరమ్మ గది బయట బెంచీ మీద కూర్చునేసరికి భయంతో అతని బుర్ర ఖాళీ అయిపోయింది. చెయ్యి దానంతటదే జేబులోకి వెళ్లి షీటు తీసింది.

వేసుకున్నాడా, ఇంకా లేదా? ఇవాళ ఎవర్ని తిట్టాడు?

చటుక్కున గుర్తొచ్చింది. షీటు జేబులో పెట్టేసి, ధీమాగా లోపలికి నడిచాడు.

డాక్టరమ్మ నాడి చూసింది, బీపీ చూసింది, ఈసీజీ తీయించింది. అన్నీ సవ్యంగా ఉన్నాయి. అయినా మళ్లీ అలాంటి పొరపాటు జరగదన్న నమ్మకమేమిటని అడిగింది. అతను సిగ్గుపడుతూనే తిట్ల వైద్యం వివరించాడు.

"అయితే ఇవాళ ఎవర్ని తిట్టారు?"

"మిమ్మల్నేనండీ."

డాక్టరమ్మ పకపకా నవ్వింది. నవ్వుతూనే సంతకం పెట్టింది.

మధ్యాహ్నానికల్లా అతను నిచ్చెన ఎక్కాడు. యార్డంతా పనాపి తలెత్తి చూసింది. దూలం గాల్లోకి లేచి, తిరిగి, చప్పుడైనా కాకుండా దిగింది. కింద ఈలలు, చప్పట్లు. పైన కుర్చీలో అతని కళ్లు చెమర్చాయి. ఇంత సంతోషం అతనికి పెళ్లినాడు కూడా కలగలేదు.

పని దిగగానే క్యాంటీన్‌కి పరుగెత్తాడు. ఎదుటి బల్ల ఖాళీగా ఉంది. ఆ లారీ మనిషి ఎక్కడని ఫోర్‌మన్‌ని అడిగాడు.

"లారీ మనిషేంటి?" అని ఫోర్‌మన్ వింతగా చూశాడు. "నువ్వు పాసయ్యావని తెలియగానే సంచీ సర్దుకున్నాడు. వేరేచోట పని వెతుక్కుంటానని, నిన్ను అడిగానని చెప్పమని బస్సెక్కేశాడు. నీ కుర్చీ కోసం మేం పిలిపించింది అతన్నేగా."