అన్నం లేని హోటల్

ముందుగా ఒక మాట. నేను అక్షరాలు దిద్దింది అరవై దాటాక. ఒత్తులు అక్కడక్కడ జారిపోతాయి, చెయ్యి నిదానం. తప్పులుంటే మీరే సర్దుకుని చదవండి.

శామీర్‌పేటలో, కరీంనగర్ రోడ్డు మీద, పద్మమ్మ మెస్ తెలియనివాళ్లు లేరు.

అన్నం, పప్పు, కోడికూర. లా చదివే పిల్లలు, ఆటోవాళ్లు, లారీ డ్రైవర్లు, అందరూ అక్కడే తినేవాళ్లు.

బండి మీద అన్నం అమ్మిన రోజుల నుంచీ పద్మమ్మకు ఒక అలవాటు. వేళ దాటి ఎవరొచ్చినా ఉత్త కడుపుతో పంపదు. అన్నం వండిన భగోనా అడుగు గీకి, ఆ మాడు అన్నం మీదే ఇంత పులుసు పోసి పెడుతుంది.

రెండు వేల పన్నెండు వానాకాలంలో పక్క మడిగెలో కొత్త హోటల్ తెరిచారు. ఎర్ర బోర్డు మీద పెద్ద అక్షరాలు: చైనీస్, వియత్నాం వంటలు.

నడిపేది విజయమ్మ. నలభై దాటిన మనిషి, మాట తక్కువ. మస్కట్‌లో ఒక వియత్నాం ఆమె దగ్గర వంట నేర్చుకుని వచ్చిందట.

మొదటి వారం పద్మమ్మ నవ్వుకుంది. రెండో వారం పక్క గుమ్మం ముందు ఆగిన బైకులు చూసింది. నవ్వు పోయింది.

తన మెస్‌లో బల్లలు ఎప్పటిలాగే నిండుతున్నాయి. అయినా ఆమె చెవులు గోడ అవతలే ఉన్నాయి.

"నా కాడ తింటరు, చెయ్యి కడుక్కొని పోతరు. ఆమె కాడ కూసోని నవ్వుతరు," అంది కోళ్ల దుకాణం జహేదాతో.

"నవ్వితే నీదేం బోయిందక్కా?"

"నా కడుపు మండుతాంది. నడువు, ఏం పెడ్తదో జూసొద్దాం."

పద్మమ్మ తల మీద కొంగు కప్పుకుని మూల బల్ల దగ్గర కూర్చుంది. అయినా విజయమ్మ గుర్తుపట్టి, చేతులు తుడుచుకుంటూ పరుగున వచ్చింది.

"ఏం పెట్టాలె అక్కా?"

"ఫ్రైడ్ రైస్."

"మా కాడ అన్నం లేదక్కా. నూడుల్స్ ఉన్నయి, సూప్ ఉన్నది."

"చైనా హోటలంట, ఫ్రైడ్ రైస్ లేదంట! గిదేం హోటలే జహేదా?"

పక్క బల్ల దగ్గరి ఆటో కుర్మయ్య అందుకున్నాడు. "మేం రోజు అడుగుతనే ఉన్నం. అన్నం గావాల్నంటే పక్క మెస్‌కు పోండ్రి అంటది."

ఆ మాట పద్మమ్మకు సూదిలా దిగింది. అంటే, రంగురంగుల సాసులూ సూపులూ ఈమెకు, ఉత్త అన్నం నాకా?

పెద్ద గిన్నెలో సూప్ వచ్చింది. పొగలు కక్కే కోడి చారు. అడుగున తెల్లటి సేమ్యాల వంటివి, పైన పుదీన, మొలకలు, నిమ్మచెక్క.

"మేకకేసినట్టు గీ పచ్చి ఆకులేంది?" అంటూనే పద్మమ్మ ఒక చెంచాడు తాగింది. ఇంకోటి తాగింది. అడుగు కనిపించేదాకా తాగింది.

"ఎట్లున్నదక్కా?" విజయమ్మ ఆశగా నిలబడింది.

"సప్పగున్నది."

జహేదా ఖాళీ గిన్నెలోకి చూసి నవ్వు ఆపుకుంది.

మర్నాడు, మెస్‌లో భోజనాలు అయిపోయిన వేళ, విజయమ్మ చిన్న గిన్నె పట్టుకుని గుమ్మం ముందుకు వచ్చింది.

"అక్కా, మాడున్నదా? ఇంత పెట్టవా?"

పద్మమ్మ ఒళ్లు భగ్గుమంది. హోటల్ నడిపే మనిషి మాడు అడుగుతుందా? వెక్కిరించడానికి కాకపోతే!

"లేదు. బర్రెకేసిన."

భగోనా ఇంకా పొయ్యి మీదే ఉంది. విజయమ్మ దానివైపు చూసింది.

"మంచిదక్కా," అని వెళ్లిపోయింది.

ఆ గుమ్మం నుంచి ఉత్త గిన్నెతో తిరిగిపోయిన మొదటి మనిషి ఆమే. తర్వాత కూడా వచ్చింది. వచ్చినప్పుడల్లా పద్మమ్మ బర్రె పేరే చెప్పింది.

దసరా దాటాక పద్మమ్మ, మడిగెల యజమాని జనార్ధన్ ఇంటికి వెళ్లింది.

"పటేలా, ఆమె వంట వాసనకు నా మెస్‌ల కూసునేటట్టు లేదు. ఆమెనన్న లేపు, నన్నన్న లేపు."

"ఇన్నేండ్ల సంది ఉన్నదానివి, నిన్నెట్ల లేపుత పద్మమ్మా?"

నెలాఖరుకు ఎర్ర బోర్డు దిగింది. విజయమ్మ ఎవరితోనూ పోట్లాడలేదు. సామాను ఆటోలో ఎక్కించి, మెస్ వైపు తిరిగి దండం పెట్టి వెళ్లిపోయింది.

"నాటకాలు," అనుకుంది పద్మమ్మ. ఆ పూట కడుపునిండా తిన్నది.

కొద్దిరోజులకే ఆ మడిగెలోకి శ్రీనివాస్ అనే మనిషి దిగాడు. రోడ్డు మీదికి పెద్ద బాండీ పెట్టి టకటకా కలిపాడు. ఎగ్ ఫ్రైడ్ రైస్, చికెన్ ఫ్రైడ్ రైస్.

చదువుకునే పిల్లలు అటు మళ్లారు. ఆటోవాళ్లూ అటే. కుర్మయ్య కూడా తల వంచుకుని అటే.

చలికాలం వచ్చేసరికి పద్మమ్మ మెస్‌లో భగోనా సగానికి దిగడం లేదు. ఇప్పుడు అన్నం నిజంగానే బర్రెకు పోతోంది.

"గీ ఫ్రైడ్ రైస్ ఆమెనే పెట్టుంటే నేను అప్పుడే మునుగుదును," అంది ఒకరోజు జహేదాతో. "ఎందుకు పెట్టలేదో. చేసుడు రాకనా?"

"రాకపోవుడేంది? మస్కట్ల ఆమె పొద్దుమాపు చేసింది గదే."

"మరి?"

జహేదా కత్తి పక్కన పెట్టింది. "పొయ్యేనాడు నాకు చెప్పిందక్కా. నీకు చెప్పొద్దన్నది."

"చెప్పు."

"ఎన్కట నువ్వు క్రాస్‌రోడ్డు కాడ బండి నడిపినప్పుడు, మస్కట్ పొయ్యే ఒకామె ఆకలికి నీ బండి పక్కన కూలబడ్డదంట. అన్నం ఒడిసిపోయింది. నువ్వు భగోనా అడుగు గీకి పెట్టినవంట."

పద్మమ్మకు గుర్తు రాలేదు. అలా ఎంతమందికి పెట్టిందో!

"గా మాడు తిని విమానమెక్కిన మనిషి ఆమెనే అక్కా, మళ్ల నీ చేతి మాడు తినాల్నని నీ పక్కకే వచ్చింది, నీ పక్కన ఉన్నన్ని దినాలు అన్నం అమ్మనని ఒట్టు పెట్టుకొని మరీ వచ్చింది."

బాలనర్సమ్మ, అరవై ఎనిమిదేళ్లు. ఇప్పుడు సూరారంలో ఉంటున్నాను.