తెల్లగీతలు

అద్దానికి అటువైపు బామ్మర్ది స్వామి కనిపించగానే పరశురాం మాస్కును కళ్లదాకా లాక్కున్నాడు.

అరబ్బు దేశంలో, సీఫ్‌లోని ఆ పెద్ద దుకాణంలో పరశురాం పండ్లు సర్దుతాడని ఇంటిదగ్గర అందరి నమ్మకం. నిజానికి నాలుగేళ్లుగా అతను కోస్తున్నది పెద్దకూర, గొడ్డుమాంసం. ఆ సంగతి తెలిస్తే భార్య వినోద గడప తొక్కనివ్వదు. ఆమె తమ్ముడు స్వామికి తెలిస్తే ఆమెకు తెలిసినట్టే.

స్వామి హిద్ షిప్‌యార్డులో వెల్డింగ్ చేస్తాడు. మహా నిష్ఠాపరుడు. స్నానం చేసి వచ్చాక కూడా నిమ్మచెక్కతో చేతులు రుద్దుకోనిదే అన్నం ముట్టడు. కొంచెం చిత్రమైన మనిషి కూడా. జూలై ఎండలో స్వెట్టర్ వేసుకు తిరుగుతాడు, బస్సులో ఏసీ పడదంటాడు. ఎడమ అరచేతి నిండా సన్నని మచ్చలు. అడిగితే నిప్పురవ్వలంటాడు.

ఇంటికి పంపే డబ్బాలోకి పాలపొడి కొనడానికి వచ్చినట్టున్నాడు. అలాంటివాడు మాంసం కౌంటర్ దగ్గర ఎందుకు ఆగాడో పరశురాంకు అర్థం కాలేదు.

పారిపోదామంటే పక్కనే మేనేజర్ యూసుఫ్. ట్రేలో రెండు ముక్కలు పెట్టాడు. ఎడమది ఎప్పుడూ వచ్చే సరుకు, కుడిది కొత్త కంపెనీది. రెండూ ఒకే జపాన్ జాతివని కాగితాల్లో ఉంది. ఆ జాతికి పుట్టుకతోనే కొవ్వు కండ లోపలికి తెల్లగీతలుగా అల్లుకుంటుంది. మామూలు జాతిని ఎంత మేపినా కొవ్వు ఎక్కువగా చర్మం కిందే పేరుకుంటుంది. అందుకే ధరలో అంత తేడా. కొత్తది అసలుదో కాదో తేల్చమన్నాడు యూసుఫ్. తప్పు చెబితే ఖలాస్, ఇంటికి టికెట్టే అని పొద్దున్నే హెచ్చరించాడు.

కంటికి రెండూ ఒకేలా ఉన్నాయి. ఇక వేలితో చూడాల్సిందే. అసలు జాతి కొవ్వు ఒంటి వేడికే కరుగుతుంది. కానీ గ్లౌజు తీస్తే మణికట్టు మీద వినోద పేరు పచ్చబొట్టు బయటపడుతుంది. అది దగ్గరుండి పొడిపించింది స్వామే.

"యల్లా భాయ్," అని తొందరపెట్టాడు యూసుఫ్.

పరశురాం గ్లౌజు తీసి వేలు ఆనించాడు. రెండు ముక్కల కొవ్వూ కరిగింది. ఆ పరీక్షతోనూ తేడా తేలలేదు.

తలెత్తేసరికి స్వామి చూపు పచ్చబొట్టు మీదే ఉంది. తర్వాత ట్రే మీదికి మళ్లింది. అతని మొహంలో నెత్తురు లేదు. కౌంటర్ మీదుగా వంగాడు.

"బావా, కుడిపక్కది ఒద్దని చెప్పు."

"ఏంది?"

"గీతలు సూడు. అన్నీ ఒక్క దిక్కే ఉన్నయి. పుట్టుకతోటి వచ్చిందైతే ఆకు ఈనెల లెక్క చీలుతది."

పరశురాం చూశాడు. నిజమే. కుడిది నకిలీదని హిందీలో చెప్పాడు. యూసుఫ్ కూడా గీతల్ని పరీక్షగా చూసి, అతని భుజం తట్టి, ట్రే తీసుకుపోయాడు.

ఉద్యోగం నిలిచింది గానీ గుట్టు పోయింది. పరశురాం సిగ్గుతో చచ్చిపోతున్నాడు. అక్కకు చెప్పొద్దని బతిమాలాడు. స్వామి చెప్పనన్నట్టు తలూపాడు. అప్పుడు తట్టింది పరశురాంకు అసలు అనుమానం.

"ఇది ముట్టనోనివి, నీకెట్ల ఎరుక?"

స్వామి స్వెట్టర్ చేతుల్ని వేళ్లదాకా లాక్కున్నాడు. షిప్‌యార్డు పని పోయి రెండేళ్లయిందని నేల చూస్తూ చెప్పాడు.

"అండ్ల సూదులతోటి అసలు జాతి కొవ్వెక్కించింది నేనే బావా."