అంతా స్టీలే

సోఫాను అంగుళం పక్కకు జరిపి, నాలుగు అడుగులు వెనక్కి వేసి చూసింది అలివేలమ్మ. ఇప్పుడు బాగుంది. మూడింటికి వనపర్తి వాళ్లు వస్తారు, ఇల్లు చూసుకోవడానికి.

పిల్లను చూడటం పోయిన వారమే అయింది. పేరు సుష్మ. అఖిలేష్‌కు ఆ పిల్ల నచ్చింది. ఆ పిల్లకూ ఇతను నచ్చాడు. ఇక మిగిలింది పెద్దవాళ్లు వచ్చి ఇల్లూ వాకిలీ చూసుకోవడమే. నచ్చితే ఇక్కడే చాయ్ తాగుతారు. నచ్చకపోతే మంచినీళ్లయినా ముట్టకుండా లేస్తారు. ఇంతకుముందు రెండు సంబంధాలు అలాగే లేచిపోయాయి. కూర్చోవడానికి కుర్చీ కూడా లేని ఇంట్లో పిల్లనెట్లా ఇస్తామన్నారు. ఇది మూడోది. ఇదీ తప్పితే గద్వాలలో ఈ గడప తొక్కేవాళ్లు ఉండరు.

అందుకే ఆర్నెల్లుగా ఒక్కో సామాను తెప్పించి ఇల్లు నింపింది. స్టీలు సోఫా. స్టీలు టేబులు, నాలుగు స్టీలు కుర్చీలు. లోపలి గదిలో ఇనుప మంచం, ఇనుప బీరువా. పాత చీరల అంచులతో దిండ్లకు గలేబులు కుట్టించింది. కిటికీలోంచి ఎండ పడి హాలంతా తళతళలాడుతోంది.

కోడలు రావాలి. ఆమెకు కావలసింది అదొక్కటే. భర్త పోయిన ఈ ఐదేళ్లూ కొడుకును ఒక్కతే చూసుకుంది. ఇక తన వల్ల కాదు.

వాళ్లు చెప్పిన వేళకే వచ్చారు. ముందు సుష్మ తండ్రి సీతారాములు, వెనక తల్లి విజయమ్మ.

"ఈ చీర మా గల్లీల నేసిందే వదినా," అంది అలివేలమ్మ, వాళ్లింకా చెప్పులు విడవకముందే. "అంచు అతికిన తీరు చూస్తే తెలుస్తది."

విజయమ్మ మురిసిపోయింది. "గింత దూరంకెల్లి గుర్తువట్టినవా? ఇంకా నేస్తున్నవా వదినా?"

"లేదు. మగ్గం దిగి రెండేండ్లాయె. కండ్లు ఆనుతలేవు."

"ఆనకుంటెనే గిట్లుంటే, ఆనితే పోగులు లెక్కవెడుతుంటివేమో," అన్నాడు సీతారాములు. సోఫా చేతిని వేలి కణుపులతో కొట్టి చూసి, "గట్టిదే," అన్నాడు.

విజయమ్మ ఇల్లంతా తిరిగింది. "చెక్క సామాను ఒక్కటి గూడ లేదేంది?"

"చెదలు. ఈ ఇంట్ల చెక్క నిలుస్తలేదు వదినా."

"బీరువాకు అద్దం?"

"స్టీలు రేకులనే మొఖం కనవడ్తది. మళ్లా అద్దమెందుకు?"

"టీవీకి ఆ ఇనుప జాలీ ఏంది చెల్లె?" ఈసారి అడిగింది సీతారాములు.

"కోతులన్నా."

"కోతులు గూడ సీరియళ్లు చూస్తున్నయా?"

"చూస్తే బాగుండు. గుంజి కింద పడేస్తయి."

"మా దిక్కు ఫ్రిజ్జు తీసి పెరుగు తింటున్నయి. మీ కోతులే నయం," అన్నాడాయన. ముగ్గురూ నవ్వారు.

అప్పుడే అఖిలేష్ వచ్చాడు. పత్తి విత్తనాల కంపెనీలో పని. ఇస్త్రీ చొక్కా, దువ్విన తల. వంగి ఇద్దరి కాళ్లూ మొక్కాడు. "బస్సుల సీటు దొరికిందా మామా?" అన్నాడు మెల్లగా. మామా అనేసరికి సీతారాములు కరిగిపోయాడు. ఇంతలో ఫోన్ మోగింది. అఖిలేష్ చూసి కట్ చేశాడు. మళ్లీ మోగింది. మళ్లీ కట్ చేశాడు. ఆ ఫోన్ అతని జేబులోకి పోయేదాకా అలివేలమ్మ కళ్లు దాని మీదే ఉన్నాయి.

చాయ్ పెట్టడానికి ఆమె వంటింట్లోకి వెళ్లింది. వెనకే విజయమ్మ వచ్చి తలుపు దగ్గరగా వేసింది.

"వదినా, ఏమనుకోకు. పిల్ల తల్లిని. అడగకుంటే నాకు నిద్ర పట్టదు. పిల్లగాని గుణం ఎసొంటిది?"

పొయ్యి మీద చాయ్ పొంగుతోంది. అలివేలమ్మ మంట తగ్గించింది. ఫోటోలో నవ్వుతున్న సుష్మ మొహం కళ్ల ముందు మెదిలింది. చెంగుతో నుదురు తుడుచుకుంది.

"నేనంటే పానం వదినా. నన్నిడిచి ఒక్క పూట ఉండడు."

విజయమ్మ గుండెల నిండా గాలి పీల్చుకుంది. "గంతే చాలు. తల్లిని మంచిగ చూసుకునెటోడు పెండ్లాన్ని గూడ మంచిగనే చూసుకుంటడు."

ట్రే ఎత్తబోతున్న అలివేలమ్మను ఆపి తనే అందుకుంది. దాని మీంచి ఒక స్టీలు గ్లాసు తీసి, అక్కడే, నిలబడే, ఒక గుక్క తాగింది. ఆ తర్వాత హాల్లోకి తల పెట్టి, "ఏమయ్యా, నువ్వు గూడ తాగు," అంది భర్తతో.

సంబంధం ఖాయమైంది. అలివేలమ్మ గోడకు ఆనుకుంది.

చాయ్ తాగుతూ విజయమ్మ మరోసారి హాలంతా చూసుకుంది. కూతురు తిరగబోయే ఇల్లు.

"అంతా స్టీలే. ఎంత ముచ్చటగున్నది," అంది. "గిన్నిట్ల నీ కొడుకు పుణ్యాన ముందుగాల ఇంట్లకొచ్చింది ఏది వదినా?"

"సోఫా," అంది అలివేలమ్మ.

కానీ ఆ కొడుకు పుణ్యాన ఆ ఇంట్లోకి అన్నిటికన్నా ముందు వచ్చిన స్టీలు, రెండేళ్ల కింద అతను విరిచిన ఆమె ఎడమ చేతిలో కర్నూలు డాక్టరు వేసిన జానెడు రాడ్డు.