ఖబర్

“మస్కట్ దిక్కు టీవీ పెడ్తవా బిడ్డా?”

మెట్ల మీద కూర్చున్న పెద్దమనిషి మళ్ళీ అదే అడిగాడు.

అమ్జద్‌కు ఒళ్ళు మండింది. జుమ్మా నమాజు చదివి వచ్చి షట్టర్ ఎత్తాడో లేదో, అప్పుడే తయారు! పోయిన శుక్రవారమూ ఇంతే, అంతకుముందు శుక్రవారమూ ఇంతే.

చొప్పదండిలో అమ్జద్ ఆన్‌లైన్ సెంటర్ తెలియనివాళ్ళు లేరు. అక్కడి కంప్యూటర్‌లో ఏదో లైవ్ టీవీ సాఫ్ట్‌వేర్ ఎక్కించాడు. ఏ దేశం పేరు నొక్కితే ఆ దేశం ఛానల్ అప్పటికప్పుడు వచ్చేస్తుంది. గల్ఫ్‌లో మొగుళ్ళున్న ఆడవాళ్ళు వచ్చి, అక్కడి ఎండలూ గాలిదుమారాలూ చూసి నిట్టూర్చి పోతుంటారు.

వాళ్ళంటే సరే. ఈయనకేం పని?

మెడలో నల్లదారానికి చిన్న శిలువ. చూసేదేమో మసీదులో నమాజు! పోయిన వారం అంతా చూసి, “ఇయ్యాల సుత రాలే” అని గొణుక్కుంటూ లేచిపోయాడు. ఏం రాలేదో అడిగితే చెప్పడు.

“నీది ఏ ఊరు కాకా?” అన్నాడు అమ్జద్ మౌస్ కదుపుతూ.

“గోదారి అవుతల.”

“అవుతలంటే?”

“అవుతలనే బిడ్డా. నువ్వు జర జల్ది పెట్టు, అక్కడ నమాజు షురువయితది.”

తెర మీద చక్రం గిరగిరా తిరిగి తిరిగి, చివరికి బొమ్మ పడింది. తెల్లటి మసీదు. లోపలికి పోతున్న జనం.

ఆయన లోపలికి వచ్చి కూర్చుని, తెరకు ముక్కు ఆనించినంత పని చేశాడు.

ఛానల్ వాళ్ళ మనిషేమో! ఊరందరికీ ఊరికే టీవీ చూపిస్తున్నానని కేసు పెట్టడానికి వచ్చాడేమో! అమ్జద్ తెర వైపు చూడనే లేదు. చూపంతా ఆయన చేతుల మీదే ఉంది.

“అగో! గదే!”

ఆయన తెర నుంచి ముఖం తీశాడు. ఇటు తిరిగాడు.

“నువ్వు గులాం నబీ కొడుకువే గదా?”

అమ్జద్ మౌస్ వదిలేసి లేచాడు.

ఆ పేరు ఆ కొట్లో ఎవరూ ఎత్తరు. మస్కట్ పోయిన మనిషి, మొదట్లో వారం వారం ఫోన్ చేసేవాడు. కంపెనీ మారుతున్నానని ఒకసారి చెప్పాడు. ఆ తర్వాత ఏళ్ళు గడిచాయి గానీ ఫోన్ లేదు. ఉన్నాడో లేడో తెలియదు. తల్లి కుబ్రా మాత్రం ఈనాటికీ చేతి గాజులు తీయలేదు. ఆయన వస్తాడన్న ఆశ మీదే బతుకుతోంది, పిచ్చితల్లి.

“అయితే ఏంది?”

“మీ అమ్మను జర పిలువు కొడుకా. మీ బాపు ఖబర్ జూపెడ్త.”

ఓహో, అదా సంగతి!

నిరుడు ఒకడు ఇట్లాగే ఊడిపడ్డాడు. ‘నబీ భాయ్ ఖబర్ తెచ్చిన’ అన్నాడు. కుబ్రా చెవుల కమ్మలు తీసి వాడి చేతిలో పెట్టింది. వాడు మళ్ళీ కనిపిస్తే ఒట్టు!

“గిందుకా వారం వారం అచ్చి సూస్తున్నవు? ఇంట్ల ఇంకేం మిగిలిందనా?”

“గట్ల గాదు బిడ్డా. నమాజు అయినంక కెమెరా మల్ల పైకి పోతది, అప్పుడు ఖబర్...”

“ఖబర్ లేదు, గిబర్ లేదు. లేస్తవా, లెవ్వవా?”

రెక్క పట్టుకొని మెట్లు దించాడు. దించడమేమిటి, నెట్టాడనే చెప్పాలి. పెద్దమనిషి తూలి నిలదొక్కుకుని, జారిన చెప్పు తొడుక్కుని బస్టాండు వైపు నడిచాడు.

కొట్టు వెనకే ఇల్లు. లొల్లి విని కుబ్రా పరదా తొలగించుకుని వచ్చింది.

“ఎవల్రా?”

“ఇంకో దొంగ అమ్మీ! బాపు ఖబర్ జూపెడ్తడట.”

కుబ్రా చెయ్యి పరదా మీదే ఆగిపోయింది.

“ఏమన్నడు? మల్లొక్కసారి చెప్పు.”

“ఖబర్ జూపెడ్త అన్నడు.”

“చెప్త అన్లేదా?”

“లే. జూపెడ్త అనే అన్నడు.”

“ఖబర్ చెప్తరు గని, చూపెడ్తరా బేటా?”

అమ్జద్ తెర వైపు తిరిగాడు.

వాళ్ళ ఇంటి ఉర్దూలో కబురూ ఖబరే, సమాధీ ఖబరే. నోటితో పలికితే రెంటికీ తేడా లేదు. ఆ పెద్దమనిషి సమాధి అనకుండా, మర్యాదకు వాళ్ళ మాటే వాడాడు. నబీ పోయిన సంగతి ఇంటికి ఎప్పుడో తెలిసి ఉంటుందనుకున్నాడు, పాపం.

తెర మీద నమాజు ముగిసింది. కెమెరా మెల్లగా పైకి లేచింది. మసీదు వెనక గోడ. గోడ వెనక ఖబరస్తాన్. ఒక్క సమాధి మీదా పేరు లేదు. ఇసుకలో వరసలు వరసలుగా రాళ్ళు.

కుబ్రా రెండు చేతులూ తెర మీద పెట్టి తడిమింది.

“ఏది? అమ్జద్, గిండ్ల మీ బాపు ఏది?”

అడుగుతుండగానే బొమ్మ మారిపోయింది. ఎవరో అరబ్బీలో వార్తలు చదువుతున్నారు.

ఆమె అక్కడే కూలబడి ఏడ్చింది. అమ్జద్ వట్టి కాళ్ళతో బస్టాండుకు పరిగెత్తాడు.

బస్సు లేదు. చాయ్ బండి దేవవ్వ ఒక్కతే గ్లాసులు కడుగుతోంది.

“అవ్వా, మెడల శిలువున్న పెద్దమనిషి గిట్ట అచ్చిండా?”

“గిప్పుడే బస్సెక్కె. చాయ్ పోస్తే సుత తాగలే బిడ్డా, ఒకటే ఏడుసుడు.”

“పేరు చెప్పిండా? ఏ ఊరో చెప్పిండా?”

“ఏం చెప్పలే. ‘దేశంగాని దేశంల కొడుకు ఎయ్యాల్సిన మూడు పిడికిళ్ళ మన్ను నేనేసిన, గా జాగ కొడుక్కు జూపెడ్దామని అస్తె నూకేసిండు’ అనుకుంట పోయిండు.”