పొయ్యికెక్కిన ఇటుకలు

"అయ్యో అవ్వా! అవి పొయ్యిరాళ్లు గావు, నా రీసెర్చ్ ఇటుకలు!"

తెలంగాణ రాష్ట్రం కోసం జనగామ రోడ్డు మీద బండ్లు ఆపి వంటావార్పు నిరసన. మంజుల నీళ్లు తాగొచ్చేసరికి, ఆమె ఆటోలోంచి దించిన మూడు ఇటుకల మీద, వంట చేసే లచ్చవ్వ అన్నం గంజు ఎక్కించింది.

"ఇటుక ఇటుకే గద బిడ్డా!"

"బట్టీల కాల్చకుండ, భూపాలపల్లి కరెంటు ప్లాంటు బూడిదతోటి చేసినయి. మంటకు ఆగుతయని ల్యాబుల రుజువైతేనే యూనివర్సిటీల నాకు సీటు."

"ల్యాబు తెరిచుందా?"

తెలంగాణ కోసం సాగుతున్న సమ్మెతో ల్యాబూ బందే.

అన్నం కుతకుత ఉడికింది. మంజుల పొయ్యి ముందు గొంతుక్కూచుని చూసింది. ఒక్క ఇటుకా పగల్లేదు.

లచ్చవ్వ గంజు దించింది. "తీస్కపో, నీ ఇటుకలు."

మంజుల ఇంకో కట్టె లోపలికి తోసింది.

"అప్పుడేనా? పప్పు గూడ వీటి మీదనే వండవ్వా!"